స్వామికి తాబేలును కానుకగా తేవద్దు: శ్రీకూర్మం భక్తులకు బహిరంగ లేఖ

శ్రీకూర్మనాథుని దర్శనానికి వచ్చే భక్తులకు, ఇంట్లో నక్షత్ర తాబేలును పెంచుకుంటున్న మా జిల్లా కుటుంబాలకు,

నమస్కారం.

మా ఇంటి పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా తాతగారు సంతలో ఒక మనిషి దగ్గర కొని తెచ్చిన నక్షత్ర తాబేలు ఆ తొట్టిలో నాలుగేళ్లు బతికింది. తెచ్చిన రోజున అరచేతిలో ఇమిడేంత పిల్ల. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు ఒక్కో గడిలో ఒక్కో నక్షత్రంలా విచ్చుకుని ఉండేవి. తాతగారిది స్వామి పేరే. సాక్షాత్తు స్వామే ఇంటికి వచ్చాడని ఆయన మురిసిపోయారు. అన్నం కలిపి పెట్టాం, పాలు పోశాం, అరటిపండు ముక్కలు పెట్టాం. శనివారం వస్తే చిప్పకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాళ్లం.

రెండో ఏడు చిప్ప మీది గడులు ఒక్కొక్కటి చిన్న గోపురంలా పైకి లేచాయి. ఇంటికి వచ్చినవాళ్లు చూసి ఎంత కళగా ఉందో అన్నారు. మూడో ఏడు అది వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది. ముసలిదైపోతోంది కాబోలు అనుకున్నాం. దానికి అప్పటికి ఐదేళ్లు కూడా నిండి ఉండవు. నాలుగో ఏడు కార్తికంలో ముసురు పట్టి వారం రోజులు వదల్లేదు. ముక్కు దగ్గర నురగ కనిపించింది. మెడ చాచి, నోరు తెరిచి గాలి పీల్చుకునేది. తర్వాత తొట్టి మూలన ముడుచుకుంది. కదలకుండా ఉండడం దానికి అలవాటే కనుక, చనిపోయిన సంగతి రెండు రోజుల దాకా మాకు తెలియలేదు.

తాతగారు దాన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టి, తలస్నానం చేసి వచ్చి, 'మన ఇంట దాని రుణం అంతవరకే' అన్నారు. ఆయన చీమకు కూడా అపకారం తలపెట్టే మనిషి కాదు. నేను ఆ తర్వాత జీవశాస్త్రం చదువుకుని, ముప్పై ఏళ్లు బడిలో అదే పాఠం చెప్పాను. తాబేళ్ల జబ్బుల గురించి చదివిన ప్రతిసారీ ఆ తొట్టి కళ్ల ముందుకొచ్చేది. రుణం తీరడం కాదది. ఆ తాబేలును ప్రేమతో, పూజతో, తెలియనితనంతో మేమే చంపాం. మీలో ఎవరి ఇంట్లోనైనా అటువంటి తొట్టి ఇప్పుడు ఉందేమోనన్న దిగులుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

శ్రీకాకుళం పట్టణం దాటి గార మండలంలోకి వచ్చిన వారెవరికైనా తెలుసు, ఈ నేలకు కూర్మం అంటే ఎంత గురో. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే ఆలయాలు దేశంలోనే అరుదు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. కూర్మారావు, కూర్మయ్య, కూర్మమ్మ అన్న పేర్లు వినిపించని ఊరు మా జిల్లాలో ఉండదనుకుంటాను. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను ఏళ్లుగా సంరక్షిస్తున్నారు. దర్శనం అయ్యాక పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వాటిని చూపించని తల్లిదండ్రులు ఉండరు. వాటిలో ఒక్కటి చనిపోయిందన్న వార్త వస్తే చాలు, దేవస్థానాన్నో అధికారులనో తిట్టిపోస్తాం. అడగవలసిన ప్రశ్నలు అడగాల్సిందే. అయితే ఆ తాబేళ్లు గుడిలో పుట్టి పెరిగినవేనా? దారిలో దొరికిందనో, మొక్కు తీర్చుకోవాలనో, ఇంట్లో పెంచలేకపోయామనో తెచ్చి ఇచ్చిన చేతులు మనవి కావా? అందుకే ఈ లేఖ ముందుగా మీకు.

తాబేలు అరవదు. కుక్కను కట్టేస్తే మొరుగుతుంది. చిలకను పంజరంలో పెడితే ఊచలు కొరుకుతుంది, ఈకలు పీక్కుంటుంది. ఆవుకు మేత తక్కువైతే వీధి వీధంతా వినేలా అంబా అంటుంది. తాబేలుకు ఇవేవీ లేవు. దాని ఒంట్లో జీవక్రియ ఎంత నెమ్మదో రోగమూ అంత నెమ్మది. ఈ రోజు మనం చేసిన తప్పు మరో ఏడాదికో రెండేళ్లకో బయటపడుతుంది. అప్పటికి తప్పు మరిచిపోతాం, తాబేలే అలా పుట్టిందనుకుంటాం. 'దానికి ఓపిక ఎక్కువ, ఏం పెట్టినా పెట్టకపోయినా బతుకుతుంది' అని మా ఇంట్లో అనుకునేవాళ్లం. బతకడం కాదది, చావడానికి ఎక్కువ కాలం తీసుకోవడం.

ఇంద్రియాలను తాబేలు అవయవాల్లా లోపలికి ముడుచుకున్నవాడే స్థితప్రజ్ఞుడని పెద్దలు చెప్పారు. అది మనిషికి చెప్పిన పోలిక. చేతిలోకి తీసుకోగానే తాబేలు తలా కాళ్లూ లోపలికి లాక్కుంటుంది. అలా లాక్కునేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి వచ్చి బుస్సుమని వినిపిస్తుంది. అది ప్రశాంతత కాదు, భయం. ఆ సమయంలోనే మనం దాన్ని కళ్లకద్దుకుని, పిల్లల నెత్తిన పెట్టి ఫోటో తీసుకుంటున్నాం.

ఇంతకీ ఇది ఎక్కడి జీవి? గుజరాత్, రాజస్థాన్, పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతం ఒక వైపు, మన రాయలసీమతో కలిపి ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల మెట్టలు మరో వైపు, ఇంకా శ్రీలంక. గడ్డి నేలలు, ముళ్లపొదలు, వాన తక్కువ పడే చోట్లు దాని ఇల్లు. ఎండవేళ పొద కింద దాక్కుని, పొద్దుటా సాయంత్రం ఎకరాల కొద్దీ తిరుగుతూ గడ్డి, ఆకులు, రాలిన పువ్వులు, పండ్లు తింటుంది. ఎండుగడ్డి మీద ఎండ పడినప్పుడు ఏర్పడే గీతల నీడల్లో కలిసిపోవడానికే ప్రకృతి దానికి ఆ నక్షత్రాలు ఇచ్చింది. ఎవరి కంటా పడకుండా ఉండడానికి వచ్చిన అందం అది. ఆ అందమే ఇప్పుడు దాని మెడకు ఉరి.

ముఖ్యంగా గమనించవలసింది, ఇది మెట్ట తాబేలు. ఈత రాదు. మన చెరువుల్లో, బావుల్లో ఉండే నీటి తాబేలు వేరు. తెలుగులో రెండింటికీ తాబేలు అనే ఒక్క మాటే వాడుతున్నాం, దాంతో పొరపాటు జరుగుతోంది. 'పాపం, నీళ్లు లేక ఉంది' అని దీన్ని కోనేట్లోనో చెరువులోనో వదిలితే అది మునిగి చస్తుంది. పుణ్యం కోసం చేసిన పని ప్రాణం తీస్తుంది.

ఇక తిండి. దాని కడుపు పీచు ఎక్కువ ఉన్న గడ్డిని నెమ్మదిగా పులియబెట్టి అరిగించుకునేలా తయారైంది. అన్నం, పాలు, పులిహోర, సెనగలు, లడ్డు ముక్క దాని ఒంటికి పడవు. తీపి పండ్లు రోజూ పెడితే పేగుల్లోని సూక్ష్మజీవులు తారుమారై విరేచనాలు పట్టుకుంటాయి, నులిపురుగులు పెరుగుతాయి. పాలకూర మంచిదే కదా అంటారు. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, ఒంటికి పట్టనివ్వదు. తాబేలుకు చిప్ప అంటే ఎముకే. సున్నం అందకపోయినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలక డి విటమిన్ తయారుకాకపోయినా చిప్ప మెత్తబడుతుంది, కాళ్ల ఎముకలు వంకరపోతాయి. మా తాబేలు వెనక కాళ్లు ఈడ్చింది ముసలితనంతో కాదు. చిప్ప మీద గోపురాల సంగతి కూడా అంతే. అడవిలో పెరిగిన నక్షత్ర తాబేలు చిప్పకూ కాస్త ఎత్తుపల్లాలు ఉంటాయి. కానీ పీచు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ ఉన్న తిండి పెట్టి, పెరిగే వయసులో తగిన తేమ లేనిచోట ఉంచితే ఆ గడులు మరీ నిటారుగా లేస్తాయి. దాన్ని చూసి మనం కళ అన్నాం.

ముసురు రోజుల్లో దానికి ఏం జరిగిందో కూడా చెబుతాను. తాబేలుకు మనలా ఉదరవితానం, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొర, లేదు. గట్టిగా దగ్గి శ్లేష్మాన్ని బయటికి తోసుకోలేదు. చలిగా, చెమ్మగా ఉన్న నేల మీద రోజుల తరబడి ఉంచితే ఊపిరితిత్తుల్లో చేరినది అక్కడే ఉండిపోతుంది. ముక్కు దగ్గర నురగ కనిపించేసరికి జబ్బు బాగా ముదిరిపోయిందన్నమాట.

సిమెంటు నేల గురించి ఎవరూ ఆలోచించరు. శుభ్రంగా కడగవచ్చని మనకు ఇష్టం. దాని కింది చిప్ప, గోళ్లు రాపిడికి అరిగిపోతాయి. ఆడ తాబేలు గుడ్లు పెట్టే ముందు నేలను తన మూత్రంతో మెత్తబరిచి, వెనక కాళ్లతో గుంట తవ్వి, అందులో పెట్టి మళ్లీ కప్పేస్తుంది. ఆ గుంట తవ్వే మట్టి దొరకకపోతే గుడ్లు కడుపులోనే ఆపుకుంటుంది. కొన్నిసార్లు దానితోనే చనిపోతుంది. మనకు రెండు గజాల గచ్చుగా కనిపించేది దానికి పురిటిగది లేని ఇల్లు. ఇంకోటి, మగవి చిన్నవి, ఆడది పెద్దది. ఇరుకు చోట మగవి ఎక్కువైతే పొద్దస్తమానం ఢీకొడుతూ ఆడదాన్ని తిననివ్వవు, తిరగనివ్వవు.

మీ ఇంటికి వచ్చిన పిల్ల తాబేలు ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం దేశంలో ఒక్క అక్రమ వ్యాపార కేంద్రం ద్వారానే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు అడవి నుంచి పోతున్నాయి. వాటిలో చాలావరకు పిల్లలే. గోనెసంచుల్లో, సూట్‌కేసుల్లో, కాళ్లు బయటికి రాకుండా టేపు చుట్టి పంపుతారు. విదేశాల్లో పెంపుడు జంతువుల దుకాణాలకు వెళ్లేవి కొన్ని, మన దగ్గర అదృష్టం పేరిట అమ్ముడుపోయేవి కొన్ని. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో ప్రపంచ దేశాలు దీన్ని, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోని మొదటి అనుబంధంలో చేర్చి, అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా కట్టడి చేశాయి. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టుకోవడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మా తాతగారు సంతలో డబ్బులిచ్చి కొన్నప్పుడు ఆ అమ్మేవాడు మళ్లీ అడవికి వెళ్లి ఇంకో నాలుగు పట్టుకురావడానికి పెట్టుబడి పెట్టారన్నమాట. భక్తి ఉన్నవాడి డబ్బయినా, లేనివాడి డబ్బయినా ఆ సంచిలో పడ్డాక ఒకటే.

'మీరు నమ్మకాన్ని తప్పుబడుతున్నారు' అని కొందరికి కోపం రావచ్చు. నేను ఏకాదశి నాడు ఉపవాసం ఉండేదాన్ని. పర్వతం కుంగిపోతుంటే వీపు ఇచ్చి నిలబెట్టిన రూపం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. నమ్మకాన్ని వదలమని మిమ్మల్ని అడగడం నాకు చేతకాదు. మన జిల్లాలోనే ఒకసారి టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లి చూడండి. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని వెళ్తాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని అక్కడివారి నమ్మకం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ నత్తగుల్ల కొంగలకు ఊరే కాపలా. పక్షి శుభమని నమ్మారు గనుక ఒక్కదాన్నైనా పట్టి పంజరంలో పెట్టుకున్నారా? లేదు. అవి వచ్చేదాకా ఎదురుచూస్తారు, వెళ్లేటప్పుడు వెళ్లనిస్తారు. నమ్మకమంటే నాకు ఆ చింతచెట్లే గుర్తొస్తాయి.

మారడం మనకు కొత్తా? వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తిగారి గుండెల మీద ఏనుగు నిలబడిందని చెప్పుకోని ఇల్లు ఉత్తరాంధ్రలో లేదు. ఆయన సర్కస్ కంపెనీ పెట్టిన విజయనగరంలో ఆ పేరు ఇప్పటికీ గర్వంగానే వినిపిస్తుంది. ఆ తర్వాత కాలం మారింది. 1998లో కేంద్ర ప్రభుత్వం పులి, చిరుత, సింహం, ఎలుగుబంటి, కోతులను ఆడించడాన్ని నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. మంటల చక్రంలోంచి పులి దూకడం చూడలేదని మన పిల్లలెవరూ బెంగపెట్టుకోలేదు. రామమూర్తిగారి గొప్పతనం వెంట్రుకవాసి తగ్గలేదు. తాబేలు కానుకలు ఆగిపోతే శ్రీకూర్మం మహిమ మాత్రం ఎందుకు తగ్గుతుంది?

కాబట్టి నేను అడిగేది ఇది. ఎవరు అమ్మజూపినా తాబేలును కొనకండి. గుడికి తెచ్చి అప్పగించవద్దు. అక్కడ ఉన్నవాటికి కొత్తగా వచ్చిన తాబేలు నుంచి రోగాలు అంటుకుంటాయి, ఉన్న చోటు మరింత ఇరుకవుతుంది. దారిలో తాబేలు రోడ్డు దాటుతూ కనిపిస్తే అది ఏ వైపుకు వెళ్తోందో ఆ వైపు గట్టు మీద దించి మీ దారిన మీరు వెళ్లండి. వెనక్కి తెచ్చి పెడితే మళ్లీ అదే రోడ్డు ఎక్కుతుంది. దర్శనానికి వచ్చినప్పుడు దూరం నుంచి చూడండి. ప్రసాదం విసరకండి, నాణేలు వేయకండి, చిప్పను తట్టి లేపకండి. ఏదో ఒకటి సమర్పించుకోవాలన్న మనసు ఉంటే, అక్కడి సిబ్బందిని అడిగి, వారు సరేనంటే మందులు కొట్టని గరిక ఒక మోపు, మందార ఆకులు, పువ్వులు తెచ్చి వారి చేతికే ఇవ్వండి. తులసిదళం తెచ్చినంత శ్రద్ధగా గరిక తెస్తే స్వామి కాదంటాడా?

దేవస్థానానికి, అటవీ శాఖకు నేను చెప్పేది తక్కువే. వారికి తెలియనిది కాదు. గచ్చుకు బదులు ఇసుక కలిసిన మట్టి, గడ్డి, పొదలు, ఎండా నీడా రెండూ ఉండే చోటు, వానకు తడవని మెరక, కొత్తగా వచ్చినవాటిని కొన్ని నెలలు విడిగా ఉంచే ఏర్పాటు, సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడు క్రమం తప్పకుండా రావడం, ఎన్ని ఉన్నాయో ఎన్ని పోయాయో భక్తులందరికీ కనిపించేలా బోర్డు మీద రాయడం. ఆ చివరిది జరిగితే పుకార్లు పుట్టవు, నిర్లక్ష్యమూ దాగదు. తాబేళ్లను తెచ్చి ఇవ్వవద్దని ధ్వజస్తంభం దగ్గర పెద్ద అక్షరాలతో ఒక పలక పెడితే మరీ మంచిది. ఇంకొక్క మాట. తెలియక పెంచుకుని, తెలిశాక తమంతట తాము వచ్చి అప్పగించే కుటుంబాన్ని దొంగలా చూడకండి. వాళ్లు భయపడి రాత్రిపూట చెరువుగట్టున వదిలేస్తే నష్టపోయేది తాబేలే.

ఇప్పటికే ఇంట్లో తాబేలు ఉన్నవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. దాన్ని తీసుకెళ్లి ఏ కొండ మీదో వదిలేయకండి. అది ఎక్కడి అడవిదో మనకు తెలియదు. ఉత్తరాది తాబేలు, దక్షిణాది తాబేలు వేరు వేరు సంతతులు. తోచిన చోట వదిలితే ఆ కలగలుపుతోపాటు మన ఇంటి రోగాలూ అడవికి వెళ్తాయి. ఏళ్ల తరబడి అన్నం తిన్న తాబేలుకు ముళ్లపొదల్లో మేత వెతుక్కోవడమూ రాదు. అటువంటి జంతువు చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనుకో అధికారికో తెలియజేసి అప్పగించాలని చట్టం చెబుతోంది. గడువు దాటి ఏళ్లయిందని జంకుతున్నారేమో. ఇంకా ఆలస్యం చేస్తే ఆ తప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు. అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లి ఉన్నదున్నట్లు చెప్పండి. ఏం తినిపించారో, ఎన్నాళ్లు పెంచారో, కాళ్లు ఈడుస్తోందో, ముక్కు కారుతోందో దాచకండి. దాని వైద్యానికి ఆ వివరాలే ఆధారం.

ఒంటరిగా వెళ్లడానికి బెరుకుగా ఉంటే మా మండలంలోని వారికి నేను తోడు వస్తాను. ఇప్పటికి మూడు ఇళ్ల వారితో వెళ్లాను. ఒక ఇంట్లో తొమ్మిదేళ్ల పాప రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ పాపకు నేను మా తొట్టి కథంతా, చివరిదాకా చెప్పాను. మూడో రోజు తనే గంప తెచ్చింది. మీరూ అలాగే చేయండి. వెదురు గంపలో ఎండుగడ్డి మందంగా పరవండి. గడ్డి మీద తాబేలును పెట్టి, పైన గాలి ఆడే పలుచటి పొడిగుడ్డ కప్పండి. దారిలో మేత పెట్టవద్దు, చూడ్డానికి వచ్చినవారి చేతికి ఇవ్వవద్దు. ఎండ ముదరక ముందే బయలుదేరదాం.

ఇట్లు,
గార మండలానికి చెందిన ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని